పాత పికప్ బ్రేకు పని ఇంట్లో చేసుకోవచ్చా?

ప్రశ్న అడిగినవారు:
మా పాత పికప్‌కు వెనక ఎడమ చక్రం లోపలివైపు తడి కనిపిస్తోంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు ఇన్నాళ్లూ నేనే మార్చుకున్నాను. బ్రేకు డ్రమ్ము విప్పి ఇదీ చేద్దామంటే ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. మీరేమంటారు?

మొదటి జవాబు:
వాళ్ల మాట వినండి. ఫిల్టర్ సరిగా బిగించకపోతే మీ ఇంజన్ పోతుంది. బ్రేకు పడకపోతే రోడ్డు దాటుతున్న మనిషి పోతాడు. పైగా అది బరువు మోసే బండి.

రెండో జవాబు:
ప్రాణాల మాట కాదనను. కాని హడావిడిగా చేసిన పని షెడ్డులో అయినా ప్రమాదమే. ముందు కారుతున్నదేమిటో తేల్చుకోండి. బండిలో ఉండే బ్రేకు ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గుతూ ఉంటే, తడి పల్చగా ఉంటే, వీల్ సిలిండర్ (డ్రమ్ము లోపల షూలను, అంటే బ్రేకు పట్టే ముక్కలను, బయటికి నెట్టేది) రబ్బర్లు పోయినట్లే. బ్రేకు ఆయిల్ తగ్గకుండా, తడి చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే అది యాక్సిల్ సీలు (ఇరుసు చివర ఆయిల్‌ను ఆపే రబ్బరు చుట్టు) దాటి వచ్చిన గేరు ఆయిల్. దానికి యాక్సిల్ షాఫ్టు లాగాలి, కొన్ని బండ్లలో బేరింగును ప్రెస్సు మీద ఊడదీయాలి. అది షెడ్డుకే వదిలేయండి.

సిలిండరే అయితే ఓపిక ఉన్నవారు చేసుకోగల పని. జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్ల మీద నిలపండి. ఒకవైపు విప్పినప్పుడు రెండోవైపు ముట్టుకోకండి. ఏ స్ప్రింగు ఎక్కడుండాలో అదే చూపిస్తుంది. ఆయిల్ పీల్చిన షూలను కడిగి మళ్లీ వాడవద్దు, రెండు వైపులా కొత్తవి వేయాలి. షూల మీద ఉండే పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, కాబట్టి ధూళిని గాలితో ఊదకుండా తడిపి తుడవండి.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్‌కు కొత్తలో మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టాక కావలసిన కనీసం 140 మాత్రమే. అందుకే కొని ఎప్పుడో తెరిచి పెట్టిన డబ్బాలోని ఆయిల్ వాడకండి.

మొదటి జవాబు:
సిలిండర్ దాకా ఒప్పుకుంటాను. మరి పైపు? పాత బండిలో నట్టు తిప్పితే తుప్పు పట్టిన పైపు కూడా మెలితిరిగి తెగుతుంది. అప్పుడు చాలామంది మధ్యలో ఏదో జాయింటు పెట్టి నెట్టుకొస్తారు. నాకు భయం అక్కడే. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుల ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు కూడా ఉంటుంది. బరువు ఎక్కువ మోయాలని కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తే బండి పైకి లేచి, నిండా సరుకున్నా ఖాళీగా ఉన్నట్లే ఆ వాల్వు వెనక బ్రేకులకు తక్కువ ఒత్తిడి పంపుతుంది. ఇవన్నీ ఇంట్లో ఎవరు చూస్తారు?

ప్రశ్న అడిగినవారు:
డబ్బాలో ఆయిల్ తగ్గింది, తడి పల్చగానే ఉంది. పైపు చూశాను, నట్టు దగ్గర పొరలు లేస్తోంది. పట్టీలు అదనంగా ఏమీ వేయలేదు. పైపుల పని తెలిసిన మెకానిక్‌ను ఇంటికే పిలిపిస్తాను. షూలు, సిలిండర్లు నేను వేస్తాను. బండి అప్పటిదాకా కదలదు.

మొదటి జవాబు:
బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసే పని కూడా ఆ మెకానిక్ ముందే చేయండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టి ఉంచండి. మెల్లగా కిందికి జారిందంటే బండి గేటు దాటకూడదు.