ఓ2 పెట్టగానే నా చెక్ మాయమవుతోంది, తప్పు కంపైలర్‌దా నాదా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను, అందుకే కోడ్‌ను మాటల్లోనే చెప్తాను. ఏమనుకోవద్దు.

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, తూకం ఎంత, ఏ ధరకు పోయింది అన్నీ పుస్తకంలో రాసుకుంటారు. సీజన్‌లో రాత్రి పదింటి దాకా కూడికలే. నేను బీటెక్ చివరి సంవత్సరం. ఆయనకు సాయంగా ఉంటుందని సి భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పైసా తేడా రాకూడదని డబ్బంతా పైసల్లోకి మార్చి ఇంట్ అనే పూర్ణాంకాల టైపులో పెట్టాను.

మొత్తం ఇంట్ హద్దు దాటితే పట్టుకోవడానికి ఒక ఫంక్షన్ పెట్టాను. మొదటి లైన్లో పాత మొత్తానికి కొత్త సొమ్ము కలుపుతుంది. రెండో లైన్లో, వచ్చింది పాత మొత్తం కంటే తక్కువా అని చూస్తుంది. తక్కువైతే హద్దు దాటి మైనస్‌లోకి తిరిగిందన్నమాటే కదా, అప్పుడు ఎర్రర్ చూపించి ఆగిపోవాలి.

మామూలుగా కంపైల్ చేస్తే చక్కగా ఆగుతోంది. ప్రోగ్రాంను వేగంగా నడిచేలా చేసే ఓ2 ఆప్షన్ పెడితే ఆగడం లేదు. నెల మొత్తం మైనస్ రెండు కోట్ల చిల్లర చూపించింది. బాబాయి కంగారు పడ్డారు. నా కంపైలర్ జీసీసీలో బగ్ ఉందా? విండోస్‌లో నడిచే దాని రూపం మింగ్‌డబ్ల్యూ వాడుతున్నాను. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ఒకరి జవాబు

ఓ2 తీసేయండి. ఇంత చిన్న ప్రోగ్రాంకి స్పీడ్ అక్కర్లేదు. లేదా ఇంట్ బదులు దశాంశ సంఖ్యల టైపు ఫ్లోట్ పెట్టండి, ఎంత పెద్ద సంఖ్యయినా పడుతుంది.

ఇంకొకరి జవాబు

తమ్ముడూ, పై రెండు సలహాలూ దయచేసి పాటించకు. ముందు ఫ్లోట్ సంగతి. ఫ్లోట్‌లో పెద్ద సంఖ్య పడుతుంది, నిజమే. కానీ 1,67,77,216 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ అది ఖచ్చితంగా ఉంచుకోలేదు. నీ లెక్క పైసల్లో కాబట్టి లక్షా అరవై ఏడు వేల రూపాయల దగ్గరే పైసలు జారిపోవడం మొదలవుతుంది. రైతు సొమ్ము లెక్కలో అది ఒప్పుకునే తప్పు కాదు. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా ఉంచాలన్న నీ నిర్ణయం మంచిది. దాన్ని మార్చకు.

ఇప్పుడు అసలు ప్రశ్న. జీసీసీలో బగ్ లేదు. నీ ఇంట్ 32 బిట్లది, గరిష్ఠం 2,14,74,83,647. పైసల్లో చూస్తే రెండు కోట్ల పద్నాలుగు లక్షల డెబ్బై నాలుగు వేల ఎనిమిది వందల ముప్పై ఆరు రూపాయల నలభై ఏడు పైసలు. సీజన్‌లో మిర్చి కొట్టుకు ఇది పెద్ద మొత్తమేమీ కాదు. అది దాటితే మైనస్‌లోకి తిరుగుతుందని నువ్వు నమ్మావు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ల్యాబ్‌లో ఇంట్ 16 బిట్లే ఉండే పాత కంపైలర్ టర్బో సి మీద 32767కి 1 కలిపి, మైనస్ 32768 వచ్చిందని రికార్డులో రాయించి ఉంటారు. అవునా?

ఆ రోజు నీ కంటికి కనిపించింది నిజమే. అయితే అది ఆ కంపైలర్, ఆ మెషీన్ చేసిన పని. సి భాష ఇచ్చిన మాట కాదు. సైన్డ్ పూర్ణాంకం, అంటే ప్లస్, మైనస్ రెండూ పట్టేది, హద్దు దాటితే ఏం జరగాలో సి ప్రమాణం ఏమీ చెప్పదు. దీన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. 1989లో సి మొదటి ప్రమాణం వచ్చేనాటికి నెగటివ్ సంఖ్యలను వేర్వేరు పద్ధతుల్లో దాచుకునే మెషీన్లు వాడకంలో ఉన్నాయి. ఒక పద్ధతినే అందరి మీదా రుద్దకుండా వదిలేశారు. ఇప్పుడు కొత్త ప్రమాణం సి23లో వాటిలో టూస్ కాంప్లిమెంట్ అనే పద్ధతి ఒక్కటే మిగిలింది. అయినా హద్దు దాటడం మాత్రం అన్‌డిఫైన్డ్‌గానే ఉంది.

దీన్ని కంపైలర్ ఎలా వాడుకుంటుందో చూడు. సరిగ్గా రాసిన ప్రోగ్రాంలో హద్దు దాటడం జరగదు అనుకుని లెక్క వేస్తుంది. హద్దు దాటనప్పుడు "పాత మొత్తం ప్లస్ సొమ్ము, పాత మొత్తం కంటే తక్కువా" అన్న ప్రశ్నకు అర్థం "సొమ్ము మైనస్‌లో ఉందా" అనే. ఓ2లో నీ చెక్ సరిగ్గా అలా మారిపోతుంది. నీ సొమ్ము ఎప్పుడూ ప్లస్సే కాబట్టి ఎర్రర్ ఎప్పటికీ రాదు. ఓ2 తీసేస్తే తప్పు పోయినట్టు కాదు, ఇవాళ్టికి కనబడకుండా ఉంటుంది. రేపు వేరే కంపైలర్‌తోనో, జీసీసీ కొత్త వెర్షన్‌తోనో మళ్లీ బయటికొస్తుంది.

అనుమానం తీర్చుకోవాలంటే, ఓ2తో పాటు ఎఫ్‌ర్యాప్‌వి ఆప్షన్ కూడా ఇచ్చి కంపైల్ చెయ్యి. హద్దు దాటితే తిరిగి మైనస్‌లోకి రావాలని కంపైలర్‌కు చెప్పే ఆప్షన్ అది. చెక్ మళ్లీ పని చేస్తే జబ్బు ఇదే. లినక్స్ కెర్నల్‌ను కూడా ఇలాంటి ఆప్షన్‌తోనే కంపైల్ చేస్తారు, కాబట్టి అది తప్పుడు పనేం కాదు. కానీ నీకు కావలసింది మైనస్‌లోకి తిరగడం కాదు, సరైన మొత్తం. అందుకే మొత్తాన్ని లాంగ్ లాంగ్‌లో పెట్టు. 64 బిట్లు, పైసల్లో లెక్కేసినా 92 వేల లక్షల కోట్ల రూపాయల దాకా పడుతుంది. ఉత్త లాంగ్ పెట్టకు. 64 బిట్ లినక్స్‌లో అది 64 బిట్లు, విండోస్‌లో మాత్రం ఇప్పటికీ 32 బిట్లే.

చెక్ ఉండాల్సిందే అనుకుంటే కలపక ముందే చూడాలి. గరిష్ఠంలోంచి పాత మొత్తం తీసేసి, మిగిలినదాని కంటే కొత్త సొమ్ము ఎక్కువా అని అడుగు. పాత మొత్తం మైనస్‌లో లేనంతవరకు ఆ తీసివేత హద్దు దాటదు. జీసీసీ 5 నుంచి బిల్టిన్ యాడ్ ఓవర్‌ఫ్లో అనే సదుపాయం కూడా ఉంది. కూడిక చేసి, హద్దు దాటిందో లేదో తనే చెప్తుంది.

ఇక నా గట్టి అభిప్రాయం ఒకటి. నీకు సి నేర్పిన తీరులో ముఖ్యమైనది వదిలేశారు. పనిముట్లను ఎలా ప్రశ్నించాలో చెప్పలేదు. జీసీసీ 4.9 నుంచి, క్లాంగ్ అనే మరో కంపైలర్‌లో అంతకంటే ముందు నుంచే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ ఉంది. ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అన్‌డిఫైన్డ్ అని ఇచ్చి కంపైల్ చేసి నడిపితే, ఫలానా లైన్లో ఫలానా రెండు సంఖ్యలు కలిపితే ఇంట్‌లో పట్టదు అని లైన్ నంబరుతో సహా చెప్తుంది. నువ్వు రెండు రోజులు పడిన బాధ రెండు నిమిషాల్లో తేలిపోయేది. ల్యాబ్‌లో మొదటి రోజే దీన్ని చూపించాలి. దాని బదులు వైవాలో "ఐ ప్లస్ ప్లస్, ప్లస్, ప్లస్ ప్లస్ ఐ విలువ ఎంత" అని అడుగుతారు. అది కూడా అన్‌డిఫైన్డే. దానికి సరైన జవాబు సంఖ్య కాదు, "ఇలా రాయకూడదు" అన్న మాట. ఆ మాట చెప్పిన పిల్లవాడికి మార్కులు పోవడం నేను చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అడిగినవారు

అన్నా, చాలా థ్యాంక్స్. టర్బో సి సంగతి అక్షరాలా నిజం, నా రికార్డులో అలాగే ఉంది. ఎఫ్‌ర్యాప్‌వి పెడితే చెక్ పని చేసింది. అంటే జబ్బు అదే.

కానీ రెండు చోట్ల ఆగిపోయాను. శానిటైజర్ ఆప్షన్ ఇస్తే దానికి కావలసిన యూబీశాన్ లైబ్రరీ దొరకలేదని లింకర్ ఆపేస్తోంది. రెండోది, మొత్తాన్ని లాంగ్ లాంగ్ చేశాక కూడా కొన్ని బిల్లులు మైనస్‌లోనే వస్తున్నాయి. నెల మొత్తం కాదు, ఒక్కో రైతు బిల్లే.

అదే జవాబిచ్చినవారు

మొదటిది నీ తప్పు కాదు. మింగ్‌డబ్ల్యూ జీసీసీతో ఆ లైబ్రరీ రాదు. విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు లినక్స్ పెట్టుకుని అక్కడ కంపైల్ చెయ్యి. డబ్ల్యూ ఆల్, డబ్ల్యూ ఎక్స్‌ట్రా వార్నింగులు కూడా ఎప్పుడూ ఆన్‌లో ఉంచు. నీ పాత చెక్ లాంటివాటిని అవి పట్టుకోవు, దాని మీద ఆశ పెట్టుకోకు. కానీ టైపు మార్చాక తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో పాత పర్సెంట్ డి అలాగే మిగిలిపోతే వెంటనే చెప్తాయి. లాంగ్ లాంగ్‌కు పర్సెంట్ ఎల్ఎల్‌డి ఉండాలి.

రెండోది నేను ఊహించగలను. బిల్లు లెక్క ఎలా కడుతున్నావు? కిలోలను క్వింటా ధరతో గుణించి, తర్వాత వందతో భాగిస్తున్నావా?

అడిగినవారు

అవునన్నా. కిలోలు ఇంట్, క్వింటా ధర పైసల్లో ఇంట్. ఫలితాన్ని మాత్రం లాంగ్ లాంగ్‌లోనే పెట్టాను.

అదే జవాబిచ్చినవారు

అదే సమస్య. క్వింటా 15,000 రూపాయలనుకో, పైసల్లో 15,00,000. దాన్ని 1,431 కిలోలతో గుణిస్తే ఇంట్‌లో పడుతుంది. 1,432 కిలోలైతే పట్టదు. నలభై టిక్కీలు కూడా అక్కర్లేదు. ఫలితం వెళ్లే గిన్నె పెద్దదైనా, గుణకారం చేసేది రెండు ఇంట్‌ల మధ్య కాబట్టి అది ఇంట్‌లోనే జరుగుతుంది. గిన్నెలో పోసేలోపే ఒలికిపోయింది. రెండింటిలో ఒకదాన్ని గుణించక ముందే లాంగ్ లాంగ్‌లోకి మార్చు. ధర వేరియబుల్‌నే లాంగ్ లాంగ్‌గా ప్రకటిస్తే ఇంకా మంచిది, ఒక చోట మర్చిపోయే ప్రమాదం ఉండదు.

మరొకరు

ఇంత గొడవ ఎందుకండీ, రస్ట్‌లో రాయొచ్చు కదా? లేదా పైథాన్‌లో?

అదే జవాబిచ్చినవారు

మీ మాటలో న్యాయం ఉంది. పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దే లేదు, ఈ రెండు తప్పులూ పుట్టవు. కొట్టు లెక్కలే లక్ష్యమైతే నేను పైథాన్, దానికి తోడు ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తీసుకుంటాను, సి తీసుకోను. రస్ట్‌లో మామూలు డీబగ్ బిల్డ్‌లో హద్దు దాటితే ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. రిలీజ్ బిల్డ్‌లో మాత్రం, ఓవర్‌ఫ్లో చెక్స్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే, తిరిగి మైనస్‌లోకి పోతుంది. కానీ అక్కడ ఏం జరుగుతుందో భాషే రాసిపెట్టింది, కంపైలర్ చెక్‌ను తీసేయదు. ఈ తేడాకు నేను చాలా విలువ ఇస్తాను.

కాకపోతే ఈ అబ్బాయి సి నేర్చుకోవాలని కూడా రాస్తున్నాడు. రేపు ఉద్యోగంలో సి కోడే చేతికి రావచ్చు. ఇప్పుడు మిర్చి లెక్కతో నేర్చుకున్నది అప్పుడు పనికొస్తుంది.

ఇంకొక్క మాట. కంపైలర్లలో బగ్గులు ఉండవని నేను అనను. 2011లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సిస్మిత్ అనే పనిముట్టుతో యాదృచ్ఛికంగా ప్రోగ్రాంలు పుట్టించి, సి కంపైలర్లలో 325కు పైగా కొత్త బగ్గులు పట్టుకున్నారు. కాబట్టి అనుమానించవచ్చు. శానిటైజర్ ఏమీ చెప్పకపోయినా, క్లాంగ్‌తో ఒక ఫలితం, జీసీసీతో ఇంకో ఫలితం వస్తే, అప్పుడు కోడ్‌ను పది లైన్లకు కుదించి బగ్ రిపోర్ట్ రాయాలి.

అడిగినవారు

అన్నా, ఉబుంటులో శానిటైజర్‌తో నడిపాను. గుణకారం లైన్ నంబరుతో సహా చూపించింది. ధరను లాంగ్ లాంగ్ చేశాక ఒక్క మెసేజ్ కూడా లేదు. ఇప్పుడు ఓ2 పెట్టినా, తీసేసినా ఒకే మొత్తం వస్తోంది. గత నెల బిల్లులన్నీ మళ్లీ ఎక్కించి బాబాయి పుస్తకంతో సరిచూస్తున్నాను. సగం అయ్యాయి, ఇప్పటిదాకా పైసాతో సహా కలిశాయి.

అదే జవాబిచ్చినవారు

మంచి పని చేశావు. మైనస్‌లో వచ్చిన బిల్లులు నీ కంటికి దొరికాయి. హద్దు బాగా దాటినవి ఒక చుట్టు తిరిగి ప్లస్‌లోనే, కానీ తక్కువ మొత్తంతో వచ్చి ఉంటాయి. 1,500 కిలోలు దాటిన బిల్లుల్లో ఒక్కటి కూడా వదలకుండా చూడు. ఏ రైతుకైనా ఆ ప్రోగ్రాం ఇచ్చిన అంకె చూసి డబ్బు తక్కువ ఇచ్చి ఉంటే, ముందు ఆ సంగతి బాబాయికి చెప్పు.