యాసిడ్ పంపు సీలు నిలవడం లేదు, ఎవరైనా చెప్పండి

చిట్యాల మెయింటెనెన్స్: పొద్దున్నుంచి పంపు దగ్గరే ఉన్నా, అన్నం కూడా తినలేదు. కొత్త పంపు, పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) బాడీ, 1 హెచ్‌పీ మోటార్. స్టార్ట్ చేసిన కాసేపటికే ట్రిప్ అవుతోంది. షాఫ్టు చుట్టూ యాసిడ్ కారకుండా ఆపే సీలు దగ్గర చుక్కలు. మార్చినా మళ్లీ అదే. అమ్మినాయన "యాసిడ్ పంపే కదా సార్" అంటాడు. రాత్రికి ట్యాంకర్ వస్తుంది, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు ఫిట్టర్: ఏ యాసిడ్? ఎంత శాతం?

జడ్చర్ల సేఫ్టీ: తమ్ముడూ, సీలు సంగతి తర్వాత. ఫేస్ షీల్డ్ వేసుకున్నావా? పక్కన సేఫ్టీ షవర్ ఉందా, తిప్పితే నీళ్లొస్తాయా? చాలా యూనిట్లలో షవర్ ఆడిట్ రోజు కోసమే. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా కడగాలి. ఎండాకాలం పైట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, వాటితో కన్ను కడుక్కోగలమా? ట్యాంకుకు నీడ ఉండాలని ఎన్నిసార్లు మొత్తుకున్నా మేనేజ్‌మెంట్లకు పట్టదు.

కొత్తూరు కెమికల్స్: హైడ్రోక్లోరిక్ అనుకొని చెబుతున్నా. 30-33 శాతానికి మామూలు ఉష్ణోగ్రతలో పీపీ బాగానే పనిచేస్తుంది. కోపం వచ్చి 316 స్టెయిన్‌లెస్ స్టీల్ పంపు మాత్రం కొనకండి. క్లోరైడ్ దాని రక్షణ పొరను చీల్చి గుంతలు పెడుతుంది. "స్టీల్ కదా, గట్టిది" అనుకునేవాళ్లే ఎక్కువ.

చిట్యాల మెయింటెనెన్స్: హైడ్రోక్లోరిక్ కాదన్నా, సల్ఫ్యూరిక్. 98 శాతం. చెప్పలేదా?

పాలమూరు ఫిట్టర్: లేదు.

భువనగిరి డిజైన్: మరి ట్రిప్ కాక ఏమవుతుంది? అది నీటికంటే 1.84 రెట్లు బరువు, చిక్కదనం ఇరవై రెట్లకు అటూ ఇటూ. గంటకు 6 క్యూబిక్ మీటర్లు, 15 మీటర్ల హెడ్ (పైకెత్తే ఎత్తు), ఎఫిషియెన్సీ 40 శాతం అనుకోండి. నీటికి 0.6 కిలోవాట్ చాలు. దీనికి 1.1 దాటుతుంది. 1 హెచ్‌పీ అంటే 0.75 కిలోవాట్. మీకు అమ్మింది నీటి లెక్కతో. పైగా 98 శాతం సల్ఫ్యూరిక్‌కు పీపీ నప్పదు, క్రమంగా పెళుసై పగులుతుంది. పీవీడీఎఫ్ ప్లాస్టిక్, టెఫ్లాన్ లైనింగ్, అల్లాయ్ 20 లోహం, వీటిలో ఏదో ఒకటి చూడండి. సీలు గొడవే వద్దంటే మ్యాగ్నెటిక్ డ్రైవ్, అంటే అయస్కాంతంతో తిరిగే పంపు.

కొత్తూరు కెమికల్స్: ట్యాంకర్ ఖాళీ అయ్యేటప్పుడు డ్రై రన్ అయితే, అంటే లోపల యాసిడ్ లేకుండా తిరిగితే, మ్యాగ్నెటిక్ పంపులో బుష్‌లు (బేరింగులు) పోతాయి. గాలితో పొర ఆడే ఎయిర్ డయాఫ్రమ్ పంపు నయం.

భువనగిరి డిజైన్: డయాఫ్రమ్ చిరిగితే యాసిడ్ ఎగ్జాస్ట్‌లోంచి బయటికొస్తుంది. అదీ చెప్పండి. మ్యాగ్నెటిక్‌కు డ్రై రన్ ప్రొటెక్షన్ రిలే పెట్టుకుంటే సరి.

కొత్తూరు కెమికల్స్: రిలేను బైపాస్ చేయని ఆపరేటర్‌ను చూపించండి.

పాలమూరు ఫిట్టర్: సీలులో ఓ-రింగ్, అదే రబ్బరు రింగు, ఏ రకం?

చిట్యాల మెయింటెనెన్స్: నల్లది. షాపతను వైటాన్ రబ్బరు అన్నాడు.

కొత్తూరు కెమికల్స్: వైటాన్ గోధుమ రంగులో ఉంటుంది. నల్లదంటే నైట్రైల్, మోసపోయారు.

భువనగిరి డిజైన్: నల్ల వైటాన్ కూడా ఉంటుందండీ, రంగు చూసి తేల్చలేం. నైట్రైల్, ఈపీడీఎం రబ్బర్లు రెండూ ఈ యాసిడ్‌కు పనికిరావు. సర్టిఫికెట్ అడగండి.

చిట్యాల మెయింటెనెన్స్: సరే. సీలు విప్పేముందు ప్రతిసారీ లైన్‌లో నీళ్లు కొట్టి కడుగుతున్నా, అది కరెక్టే కదా? లైన్ ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు.

జడ్చర్ల సేఫ్టీ: ఆపు! లోపల యాసిడ్ మిగిలి ఉండగా నీళ్లు పోస్తే సలసల మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ముందు పూర్తిగా డ్రెయిన్ చెయ్యి. ఎంఎస్ 98 శాతానికి ఆగుతుంది గానీ, నీళ్లు కలిసి పలచబడితే పైపును తినేస్తుంది, మండే హైడ్రోజన్ పుడుతుంది. ఆ లైన్ మీద వెల్డింగ్ పెట్టొద్దు.

భువనగిరి డిజైన్: ఎంఎస్ పైపులో యాసిడ్ వేగం కూడా సెకనుకు మీటరు లోపే ఉండాలి. పైపు సైజెంత?

చిట్యాల మెయింటెనెన్స్: ట్యాంకర్‌ను రేపటికి మార్పించా. థాంక్స్ అన్నా అందరికీ. పీవీడీఎఫ్ రేటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాలమూరు ఫిట్టర్: పైపు సైజు చెప్పలేదు.