ప్రీ-మెడ్ (వైద్య విద్యకు ముందు చేసే డిగ్రీ) చదువుతున్న మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీ నుంచి ఏ విశ్వవిద్యాలయానికి మారితే మంచిది?

సీతమ్మధార తండ్రి:

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నంలో సీతమ్మధారలో ఉంటాము. మా అమ్మాయి అమెరికాలో పుట్టింది, తన చిన్నతనంలోనే మేము తిరిగి వచ్చేశాము. ఇక్కడే ఇంటర్ బైపీసీ పూర్తి చేసి, డాక్టరు కావాలన్న పట్టుదలతో కాలిఫోర్నియా వెళ్లి, శాన్ హోసేలో వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఉంటూ కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్లు చదివే కాలేజీ) చేరింది. ఇప్పుడు రెండో సంవత్సరం పూర్తి కావస్తోంది. జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.8 ఉంది. జనరల్ కెమిస్ట్రీ, బయాలజీ, స్టాటిస్టిక్స్ అయిపోయాయి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో మొదటి సగం మాత్రమే అయింది.

మూడో సంవత్సరంలో చేరేందుకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్, యూసీ శాన్ డియేగో, శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ మూడింటిలోనూ సీటు వచ్చింది. యూసీ క్యాంపస్‌లకు జూన్ 1లోగా సమ్మతి తెలపాలి. పేరున్నది కాబట్టి శాన్ డియేగోకే పంపమని బంధువులు చెబుతున్నారు. పెద్దమ్మ ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు కాబట్టి శాన్ హోసే స్టేట్ మేలని నా భార్య అభిప్రాయం. అమ్మాయి మనసు డేవిస్ మీద ఉంది. మెడికల్ కాలేజీలో ప్రవేశం దృష్ట్యా వీటిలో ఏది సరైనదో, కమ్యూనిటీ కాలేజీలో చదవడం వల్ల తనకు ముందు ముందు నష్టమేమైనా ఉందో, మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఎప్పుడు రాయాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

ఏఎంసీ పూర్వ విద్యార్థి:

నేను ఆంధ్ర వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ చేస్తున్నాను. ఒక మెడికల్ కాలేజీ తరఫున అభ్యర్థులను కొన్నేళ్లుగా ఇంటర్వ్యూ చేస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. యూసీలో చేరగానే అమ్మాయి జీపీఏ అక్కడ సున్నా నుంచి కొత్తగా మొదలవుతుంది, కమ్యూనిటీ కాలేజీ గ్రేడ్లు అందులో కలవవు. కానీ మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేసే ఆమ్కాస్ విధానంలో తను ఇంతవరకు చదివిన ప్రతి కాలేజీ గ్రేడ్లూ కలుస్తాయి, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం సబ్జెక్టుల సగటును విడిగా కూడా లెక్కిస్తారు. ఆ సగటు ఏ ఏడాదికి ఆ ఏడాదిగా మా ముందు కనబడుతుంది. కమ్యూనిటీ కాలేజీలో 3.8 తెచ్చుకున్న విద్యార్థి విశ్వవిద్యాలయంలో పై స్థాయి సైన్సు కోర్సుల్లోనూ అదే స్థాయిని నిలబెట్టుకుంటే, ఎక్కడ మొదలుపెట్టారన్నది అభ్యంతరం కాదు. అక్కడికి వెళ్లాక గ్రేడ్లు పడిపోతే మాత్రం మొదటి రెండేళ్ల మార్కుల మీద సందేహం మొదలవుతుంది. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ఏ పేరు గొప్పదని కాదు, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ వంటి కోర్సులను తను ఎక్కడ నిలకడగా చదవగలదని. శాన్ డియేగోకీ డేవిస్‌కీ పేరులో ఉన్న తేడా మా ఎంపిక చర్చల్లో దరఖాస్తును పైకీ కిందకీ జరిపిన సందర్భం నేను చూడలేదు.

ఎంక్యాట్ విషయానికి వస్తే, దరఖాస్తులు మే నెలాఖరు, జూన్ ప్రాంతంలో పంపాలి. ప్రవేశం ఆ మరుసటి ఏడాది ఉంటుంది. అంటే డిగ్రీ పూర్తికాగానే మెడికల్ కాలేజీలో చేరాలంటే, సెప్టెంబరులో కొత్త విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన అమ్మాయి మరుసటి వేసవికల్లా ఎంక్యాట్ రాసి, ఇంకా సరిగా పరిచయమే లేని ప్రొఫెసర్ల చేత సిఫారసు లేఖలు రాయించుకోవాలి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఇది చాలా ఇరుకైన దారి. డిగ్రీ పూర్తిచేసి, ఆ వేసవిలో దరఖాస్తు చేసి, మధ్యలో వచ్చే ఏడాది ఆసుపత్రిలోనో పరిశోధనశాలలోనో పనిచేయడం మంచిది. మెడికల్ కాలేజీల్లో చేరేవారిలో సగానికి పైగా అలా విరామం తీసుకున్నవారే. మన ఊళ్లో నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టినట్టు దాన్ని భావించవద్దు. దాన్ని ఎవరూ తక్కువగా చూడరు.

ఇంకొక మాట. ఎంక్యాట్‌లో నాలుగు విభాగాలుంటాయి, మొత్తం 472 నుంచి 528 మధ్య స్కోరు ఇస్తారు. ఒక విభాగంలో సైన్సే ఉండదు, పొడవైన వ్యాసభాగాలు చదివి 90 నిమిషాల్లో 53 ప్రశ్నలకు జవాబులివ్వాలి. బిట్లు సాధన చేసి పెరిగిన మన పిల్లలకు అసలు కష్టం అక్కడే ఎదురవుతుంది. దానికి కోచింగ్ కంటే రోజూ మంచి ఆంగ్ల వ్యాసాలు చదవడం ఉపయోగపడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టమనండి. సైకాలజీ, సోషియాలజీ ప్రాథమిక కోర్సులు చేయకపోతే వాటినీ ఎక్కడో ఒకచోట పూర్తిచేయాలి.

ఎంవీపీ కాలనీ తల్లి:

డాక్టరుగారు చదువు గురించి చెప్పారు. నేను ఫీజు గురించి చెప్పాలి, ఎందుకంటే మీ పరిస్థితి అచ్చం మాదే. మా అబ్బాయి కూడా అక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవాడే, మేమిద్దరం ఇక్కడే ఉంటున్నాం.

కమ్యూనిటీ కాలేజీలో కాలిఫోర్నియా నివాసులకు ఒక్కో యూనిట్‌కు (కోర్సు క్రెడిట్‌కు) 46 డాలర్లే కాబట్టి చాలా తేలిగ్గా గడిచిపోయింది. పౌరసత్వం ఉంది, రెండేళ్లుగా అక్కడే ఉంటున్నాడు, కాబట్టి యూసీలో కూడా స్థానికుల ఫీజే ఉంటుందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. కానీ యూసీ నిబంధనలు వేరు. 24 ఏళ్లు నిండని విద్యార్థి తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో నివసించకపోతే, మినహాయింపులు వర్తిస్తే తప్ప, ఆ విద్యార్థి తన ఖర్చులు తానే భరిస్తున్నట్టు ఆధారాలు చూపాలి. విశాఖ నుంచి మేము డబ్బు పంపుతున్నప్పుడు అది ఎలా చూపగలడు? వాడు చేరిన క్యాంపస్ వాడిని నాన్ రెసిడెంట్‌గా నిర్ణయించింది. యూసీలో నాన్ రెసిడెంట్‌కు మామూలు ఫీజు మీద ఏడాదికి అదనంగా 30 వేల డాలర్లకు పైగా పడుతుంది. రెండేళ్లకు లెక్క వేసుకోండి.

అందుచేత జూన్ 1 వరకు ఆగకుండా ఇప్పుడే అమ్మాయి చేత డేవిస్, శాన్ డియేగో రెండింటి రెసిడెన్స్ కార్యాలయాలకు మెయిల్ రాయించండి. తల్లిదండ్రులు భారతదేశంలో ఉన్నారని, డబ్బు ఎవరు పంపుతున్నారో, తను ఎప్పటినుంచి అక్కడ ఉంటోందో దాచకుండా రాసి, తనను ఏ వర్గంలో చూస్తారో రాతపూర్వకంగా జవాబు అడగాలి. ఫోనులో చెప్పిన మాటకు ఆధారం ఉండదు. శాన్ హోసే స్టేట్ యూసీ కిందికి రాదు, అది సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలోది. అక్కడి నిబంధనలు విడిగా ఉంటాయి కాబట్టి వారినీ విడిగా అడగాలి. స్థానికులకు సీఎస్‌యూ ట్యూషన్ ఏడాదికి సుమారు ఆరేడు వేల డాలర్లు మాత్రమే.

ముందున్న మెడికల్ కాలేజీ ఖర్చును కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. 2026 జులై 1 నుంచి వైద్యం వంటి వృత్తివిద్యలో కొత్తగా చేరేవారికి ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితమైంది. చాలా మెడికల్ కాలేజీల ఖర్చు దానికి మించి ఉంటుంది. డిగ్రీ రెండేళ్లలోనే మీ దగ్గరున్నదంతా ఖర్చుపెట్టి అమ్మాయిని ఆ దశకు పంపవద్దని నా మనవి.

గాజువాక నుంచి డేవిస్:

అంకుల్ గారికి నమస్కారం. నేను కమ్యూనిటీ కాలేజీ నుంచి డేవిస్‌కు మారి అక్కడే డిగ్రీ పూర్తి చేశాను.

ఆర్గానిక్ కెమిస్ట్రీని సగంలో వదిలి మారవద్దని ముందుగా చెబుతున్నాను. మీ అమ్మాయి కాలేజీ సెమిస్టర్ పద్ధతిలో నడిచేదైతే, డేవిస్, శాన్ డియేగో రెండూ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఒక సెమిస్టర్‌లో చదివిన భాగం అక్కడి క్వార్టర్లతో సరిగ్గా అతకదు, కొంత మళ్లీ చదవాల్సి రావచ్చు, కొంత అసలు చదవకుండానే దాటిపోవచ్చు. క్లాసులు సెప్టెంబరు చివర్లో మొదలవుతాయి కాబట్టి ఈ వేసవిలో అదే కాలేజీలో రెండో సగం పూర్తిచేసి, ఆ మార్పును ప్రవేశాల కార్యాలయానికి తెలియజేయమనండి. పది వారాల క్వార్టర్‌లో మూడో వారానికే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. అందుకే మొదటి క్వార్టర్‌లో రెండు సైన్సు కోర్సులకు మించి తీసుకోకుండా ఉంటే మంచిది.

డేవిస్ వైద్య కళాశాల, ఆసుపత్రి క్యాంపస్‌లో లేవు, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో శాక్రమెంటోలో ఉన్నాయి. శాన్ డియేగోలో వైద్య కళాశాలా ఆసుపత్రీ లా హోయా క్యాంపస్‌లోనే ఉంటాయి, ఆ సౌకర్యం నిజమే. అయితే శాక్రమెంటోలో పాల్ హోమ్ ఏషియన్ క్లినిక్, క్లినికా తెపాతీ వంటి ఉచిత క్లినిక్‌లను వైద్య విద్యార్థులతో కలిసి డిగ్రీ విద్యార్థులే నడుపుతారు. బీమా లేని రోగులతో నేరుగా మాట్లాడి, వాళ్ల బాధ విని రాసుకునే పని డిగ్రీలోనే దొరకడం నాకు చదువంత విలువైనదిగా అనిపించింది. వాటిలో చేరడానికి పోటీ ఉంటుంది, శిక్షణకు సమయం పడుతుంది, ఉన్నది రెండేళ్లే కాబట్టి చేరిన మొదటి క్వార్టర్‌లోనే దరఖాస్తు చేయాలి.

అమ్మాయి పెద్దమ్మ దగ్గరే ఉండాలన్న మీ ఇంట్లో ఆంటీ గారి ఆలోచన గురించి ఒక మాట. శాన్ హోసే నుంచి శాక్రమెంటో వైపు వెళ్లే క్యాపిటల్ కారిడార్ రైలు డేవిస్‌లో ఆగుతుంది, సుమారు మూడు గంటల ప్రయాణం. శుక్రవారం సాయంత్రం బయలుదేరితే రాత్రి భోజనానికి పెద్దమ్మ ఇంట్లో ఉండవచ్చు. శాన్ డియేగో నుంచైతే విమానమే ఎక్కాలి.

సీతమ్మధార తండ్రి:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫీజు నిబంధన మాకు ఏమాత్రం తెలియదు. డాక్టరుగారిని మరొక్క సంగతి అడగాలి. వేసవిలో అమ్మాయిని ఇక్కడికి రప్పించి కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) డాక్టర్ల వెంట ఉంచితే దరఖాస్తుకు ఉపయోగపడుతుందా? నాన్ రెసిడెంట్‌గా తేలితే శాన్ హోసే స్టేట్ తీసుకోవడం తప్పవుతుందా?

ఏఎంసీ పూర్వ విద్యార్థి:

కేజీహెచ్ ఎంత మందికి ఆధారమో నాకు తెలుసు, నేను పని నేర్చుకున్నదే అక్కడ. అక్కడ చూసినది అమ్మాయి ఆలోచనను తప్పకుండా విశాలం చేస్తుంది. కానీ అమెరికా మెడికల్ కాలేజీలు వెతికేది ఆ దేశపు ఆసుపత్రుల్లో, ఒకే చోట, నెలల తరబడి చేసిన సేవను. పైగా ఈ వేసవిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తి చేయాలంటే తను అక్కడే ఉండాలి.

శాన్ హోసే స్టేట్‌కు సొంత మెడికల్ కాలేజీ లేకపోవడం లోపమేమీ కాదు. ఆ ఊళ్లోనే శాంటా క్లారా కౌంటీ నడిపే వ్యాలీ మెడికల్ సెంటర్ ఉంది, మన కేజీహెచ్ లాగే పేదలకు పెద్ద దిక్కు. అక్కడ రెండేళ్లు వాలంటీరుగా పనిచేసి, మంచి గ్రేడ్లు, మంచి ఎంక్యాట్ స్కోరు తెచ్చుకుని, అప్పు లేకుండా డిగ్రీ పూర్తిచేసిన అభ్యర్థిని నేను సంతోషంగా సిఫారసు చేస్తాను. స్థానికుల ఫీజు దక్కితే డేవిస్, దక్కకపోతే శాన్ హోసే స్టేట్, ఇదే నా సలహా. ఎండీతో పాటు డీఓ (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) కాలేజీలకు కూడా దరఖాస్తు చేయమనండి. 2020 నుంచి రెసిడెన్సీ మ్యాచ్ (ఆసుపత్రి శిక్షణ సీట్ల కేటాయింపు) రెండింటికీ ఒకటే, ఆ డాక్టర్లకు ప్రాక్టీసు హక్కుల్లో తేడా ఏమీ లేదు.

సీతమ్మధార తండ్రి:

నిన్న రాత్రి అమ్మాయితో, వాళ్ల పెద్దమ్మతో మాట్లాడాము. మూడు విశ్వవిద్యాలయాలకూ నివాస అర్హత గురించి మెయిల్ పంపింది, వేసవి ఆర్గానిక్ కెమిస్ట్రీకి పేరు నమోదు చేసుకుంది. జవాబులు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.