పాత జిప్సీని బురదకు సిద్ధం చేయాలి: ముందు టైర్లా, కమాన్లా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. తాడికొండ వైపు కొంచెం మిర్చి చేను ఉంది. వాన పడితే ఆ నల్లరేగడి డొంకలో ట్రాక్టరు తప్ప మరేదీ కదలదు. అందుకే నిరుడు 1300 సీసీ పాత మారుతి జిప్సీ కొన్నాను. నాకు వెల్డింగ్ మిషన్ ఉంది, ఇంటి వెనుక రేకుల షెడ్డు ఉంది. లేనిది డబ్బే. మొత్తం ఖర్చు 40,000 దాటకూడదు (ఇంట్లో చెప్పింది 25,000).

ఎత్తు పెంచుదామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మిస్త్రీ మాట విని, ముందు చక్రాల కమాన్లకు (ప్లేట్ల స్ప్రింగులకు) పొడవాటి షాకిళ్లు (కమాను కొసను బండి చట్రానికి కలిపే లింకులు) వేయించాను. బండి లేచింది, చూడటానికి దర్జాగా ఉంది. కానీ వేగం 60 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. కాస్టర్ కోణం (ముందు చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) మారడం వల్లనేనా, లేక ఆ అక్షం దగ్గరుండే కింగ్‌పిన్ బేరింగులు అరిగాయా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉందా? పాత షాకిళ్లే బిగించి, కమాను కట్టలో ఒక ప్లేటు అదనంగా వేయించడం మేలంటారా?

ఆలోచిస్తే అసలు తప్పు నాదే అనిపిస్తోంది. కమాన్లు ఎంత లేపినా డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మీది గేర్ల డబ్బా) నేలకు అంతే దగ్గరగా ఉంటుంది, దాన్ని పైకి లేపేది టైర్లే. ఇప్పుడున్న టైర్ల సైజు 205/70 ఆర్15. 215/75 వేస్తే వ్యాసం సుమారు 35 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే గుండు కింద 17 లేదా 18. ఈ కాస్త ఎత్తుకు అంత ఖర్చు పెట్టవచ్చా? మన రేగడి మట్టి మడ్ టైర్ల గాడుల్లో కూడా గట్టిగా కూరుకుపోతుందా? వాడినవారు చెప్పండి.

కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుసు, అందుకే ఛాసిస్ (బండి చట్రం) జోలికి వెళ్లను.