బటన్ ఫోనులో తెలుగు సందేశం ఎందుకు ముక్కలవుతుంది?

ప్రశ్న: తెర చూడకుండానే బొటనవేలితో మీటలు తడుముతూ సందేశం రాయగలిగే బటన్ ఫోనంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అయితే తెలుగులో రాస్తే ఒక్క సందేశమే రెండు మూడుగా లెక్కకు వస్తోంది. కారణమేమిటో వివరించగలరా?

జవాబు: ఒక్కో ఎస్సెమ్మెస్ సందేశంలో 140 బైట్లకే (బైటుకు 8 బిట్లు) చోటుంటుంది. ఆంగ్లాక్షరానికి 7 బిట్లు చాలు కనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు, అన్ని భాషల లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఒక్కో సంకేతానికి 16 బిట్లు కావాలి కనుక 70 మాత్రమే పడతాయి. పైగా మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి ఆరు సంకేతాలున్నాయి.

మరో జవాబు: బటన్ ఫోనంటే నాకు మాత్రం 1997లో నోకియా 6110తో వచ్చిన పాము ఆటే ఇష్టం. తోక పెరిగేకొద్దీ దారి ఇరుకై, చివరి మలుపులో ఊపిరి బిగబట్టే ఆ క్షణం మరే ఆటలోనూ నాకు దొరకలేదు.

ప్రశ్న అడిగినవారు: ‘స్త్రీ’ ఉదాహరణతో విషయం స్పష్టమైంది, ధన్యవాదాలు. ఖర్చు రెండింతలైనా సందేశాలు తెలుగులోనే రాస్తాను.