మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టైన నిర్దోషులకు పరిహారం ఇవ్వడం తప్పా?

మూసీ ఒడ్డు:
2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లి కుట్ర కేసులు పెట్టారు. కోర్టుల్లో నిలబడలేదు. 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొందరికి 3 లక్షలు, మరికొందరికి 20 వేల చొప్పున ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. మీరేమంటారు?

కోఠి బస్టాప్:
హైకోర్టు చేసిందే కరెక్ట్. దొంగతనం కేసు కొట్టేస్తే ఎవరికైనా డబ్బులిస్తున్నామా? బాంబు పేలిన మర్నాడు పోలీసు చేతిలో అనుమానం తప్ప ఏముంటుంది? వదిలేస్తే, వాడే ఇంకోచోట పెడితే, ముందే ఎందుకు పట్టుకోలేదని తిట్టేదీ మనమే. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర 42 మంది పోయారు. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మంది. ఆ కేసులో ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ఐదుగురికి ఉరిశిక్ష వేయించింది, 2025లో హైకోర్టు కూడా ఖాయం చేసింది. గట్టి చట్టం లేకపోతే అయ్యేదా?

మూసీ ఒడ్డు:
దిల్‌సుఖ్‌నగర్ ఒప్పుకుంటా. కానీ అది సాక్ష్యంతో గెలిచిన కేసు. మక్కా మసీదు సంగతి చూడండి. సీబీఐ, తర్వాత ఎన్ఐఏ చేతికి వెళ్లి, పూర్తిగా వేరే మనుషుల మీద ఛార్జిషీటు పడింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ విడుదలయ్యారు. ఆ పేలుడు ఎవరు చేశారో కోర్టులో ఇప్పటికీ తేలలేదు.

అనుమానంతో పిలిచి అడగడాన్ని ఎవరూ కాదనరు. కస్టడీలో కొట్టారన్న ఫిర్యాదులు నమ్మదగినవేనని మైనారిటీస్ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాదే చెప్పారు. ఉగ్రవాదుల సమాచారం మొదట తెలిసేది వీధిలో ఉండేవాళ్లకే. పక్కింట్లో అద్దెకు దిగినవాడి తీరు తేడాగా ఉంటే ఫోన్ చేసేది వాళ్లే. కొడుకును ఊరికే పట్టుకెళ్లారని చూసిన తండ్రి మళ్లీ 100కు ఫోన్ చేస్తాడా? పరిహారాన్ని దానధర్మం అనుకోవద్దు, భద్రత ఖర్చులో రాసుకోవాలి.

తార్నాక తాత:
మధ్యలో ఒక మాట. మా దగ్గర షాపింగ్ మాల్‌లో మెటల్ డిటెక్టర్ దాటిన ప్రతివాడికీ కుయ్‌మంటుంది. గార్డు తల కూడా ఎత్తడు. బ్యాగు జిప్పు సగం తీసి చూపిస్తే చాలు, లోపలికే. సన్నద్ధత అంటే ఇదేనా బాబూ?

మూసీ ఒడ్డు:
తాతగారూ, నేనూ అదే అంటున్నా. 26/11 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ముంబైలో కాల్పులు మొదలయ్యాయి. ఉగ్రదాడుల్ని ఎదుర్కొనే ఎన్ఎస్జీ కమాండోలు ఢిల్లీ పక్కన మానేసర్‌లో ఉన్నారు, విమానం చండీగఢ్‌లో ఉంది. వాళ్లు రంగంలోకి దిగేసరికి తెల్లారింది. 2009లో ముంబై, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్‌లలో ఎన్ఎస్జీ కేంద్రాలు పెట్టారు. దానివల్ల ఎవరి బెయిలూ పోలేదు. అదే 2008 డిసెంబరులో ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా (యూఏపీఏ) చట్టం సవరించి, ఛార్జిషీటుకు 180 రోజులదాకా గడువిచ్చారు, ఆరోపణ పైకి నిజమేననిపిస్తే బెయిల్ లేదన్నారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

కోఠి బస్టాప్:
బెయిలిస్తే నేపాల్ దాటిపోతారు బ్రదర్. ఇండియన్ ముజాహిదీన్ ఉగ్రవాద సంస్థ నేత రియాజ్ భత్కల్ ఇప్పటికీ దొరకలేదు.

మూసీ ఒడ్డు:
పారిపోతాడనిపిస్తే మామూలు చట్టం కిందా జడ్జి బెయిల్ నిరాకరించొచ్చు. విచారణే సాగకపోతే ఉపా కేసులోనూ బెయిలివ్వొచ్చని 2021లో సుప్రీంకోర్టు నజీబ్ కేసులో చెప్పింది.

వకీలు గుమాస్తా:
ఇద్దరూ అసలు పాయింటు వదిలేశారు. నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారం రాదన్నది హైకోర్టు అభ్యంతరం, అందులో న్యాయముంది. సాక్ష్యం చాలక బయటపడ్డవాడు వేరు, కావాలని ఇరికించబడ్డవాడు వేరు. ఆ తేడా ఎవరు తేల్చాలి? ప్రత్యేక కోర్టులు పెట్టి తేల్చమని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో చెప్పింది. ఆ చట్టం రాలేదు. జీవోలతో ఇస్తే ఎన్నికల కోసమే ఇచ్చారంటారు, మళ్లీ కోర్టులో ఎగిరిపోతుంది.

కోఠి బస్టాప్:
ఇరికించినట్టు తేలితే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ డబ్బులు మాత్రం ఇరికించిన అధికారి జీతంలోంచి కోయాలి. అలా రాస్తారా చట్టంలో?