చెన్నై లైట్‌హౌస్, సెయింట్ జార్జ్ కోట మ్యూజియం ఒకే రోజుల అయితయా?

హన్మకొండ నుంచి అమ్మా నాయినను తీస్కపోతున్నం. అమ్మకు మోకాళ్ల నొప్పి. పైదాకా ఎక్కగలదా?

— ఎక్కొచ్చు అక్కా, లిఫ్ట్ ఉంది. తొమ్మిదో అంతస్తు గ్యాలరీ దాకా పోతది. సోమవారం బంద్. 1 నుంచి 3 దాకా మూసే ఉంటది, ఆ టైముల పోతే ఎండల నిలబడుడే.

— కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది కూడా చూస్కోండి. దాన్ని మాత్రం వదలొద్దు. 1796ల మద్రాసు మొదటి లైట్‌హౌస్ ఆ బిల్డింగు మీదనే, కొబ్బరినూనె వత్తులతోని వెలిగింది! 1844 నాటి రాతి లైట్‌హౌస్ స్తంభం హైకోర్టు ఆవరణల ఉంది. ఇప్పటి ఎరుపు-తెలుపు మూడు మూలల టవర్ 1977ది.

— రాత్రి వరంగల్ల తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దుగాల సెంట్రల్ల దిగుతరు. కోట దగ్గర్నే, ముందుగాల అది చూడండి. లైట్‌హౌస్‌కు 3 గంటలకే పోండి. పొద్దున సూర్యుడు సముద్రం దిక్కే ఉండి కండ్లు చెదురుతయి. 3 గంటలకైతే ఎండ వెనక నుంచి పడి పడవలు కూడా సాఫ్‌గ కనబడుతయి.